అమ్మానాన్నలతో మొదటిసారి సింగపూర్: ప్యాకేజీ వద్దు, పరుగులూ వద్దు

మీ ప్రశ్న ఇదీ: చిత్తూరు నుంచి ఐదుగురు. నాన్నకు 68, మోకాళ్ల నొప్పి. అమ్మకు 62. మీరిద్దరూ, ఎనిమిదేళ్ల పాప. అందరూ శాకాహారులు. దసరా సెలవుల్లో ఐదు రోజులు సింగపూర్. ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా వెళ్లొచ్చా? మలేషియా కూడా కలిపితే బాగుంటుందా? పెద్దవాళ్లకు తిండి, భాష ఇబ్బంది అవుతాయా?

నేను తిరుపతిలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడుపుతాను. సింగపూర్, మలేషియాలకు గ్రూపులను వెంటబెట్టుకుని తీసుకెళ్లడం చాలా ఏళ్లుగా నా పని. ప్యాకేజీలు అమ్ముకు బతికేవాణ్ని చెబుతున్నాను, మీ ఐదుగురికి ప్యాకేజీ అక్కర్లేదు.

సూటిగా చెప్పాలంటే: సొంతంగా వెళ్లండి. మనవాళ్ల హోటళ్లు, గుళ్లు ఉన్న లిటిల్ ఇండియా పేటలో, ఫారర్ పార్క్ మెట్రో స్టేషన్‌కు నడిచిపోయేంత దగ్గర్లో దిగండి. మలేషియా ఈసారికి వదిలేయండి. రోజుకు ఒక పెద్ద చోటు పెట్టుకోండి, అది కూడా పొద్దు వాలాక. మధ్యాహ్నం పెద్దవాళ్లు గదిలో పడుకోవాలి. దీన్ని మార్చకుండా మిగతాదంతా మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు.

ఎందుకంటే ఆ ఊరి ఎండ మన ఎండ కాదు. మనం 42 డిగ్రీలు చూసినవాళ్లం కదా, అక్కడ 32 ఒక లెక్కా అనుకుంటారు. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న దీవి అది. ఏడాది పొడుగునా ఒకటే వాతావరణం, గాలి నిండా తేమ, చెమట ఆరదు. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కేసే మనిషి అక్కడ మిట్టమధ్యాహ్నం కిలోమీటరు నడిచి ఫుట్‌పాత్ మీద కూలబడ్డం నేను చూశాను. అదే సాయంత్రం అయిదు దాటితే ఊరు వేరేగా ఉంటుంది. ఏ నెలలో వెళ్లినా పొద్దు ఏడు గంటల ప్రాంతంలో గుంకుతుంది. ఆ తర్వాతే మెరీనా బే తీరంలో లైట్లు, అక్కడి తోటలో చెట్ల షో, లిటిల్ ఇండియా పెద్దవీధి సెరంగూన్ రోడ్డు సందడి. చూడాల్సిందంతా సాయంత్రమే ఉంటే పొద్దున ఏడున్నరకు లేచి పరిగెత్తడం దేనికి?

ప్యాకేజీతో చిక్కు అక్కడే. నలభై మంది బస్సు. పొద్దున్నే హోటల్ కింద హారన్. మీ నాన్నగారు మోకాలికి నూనె రాసుకుని దిగేలోపు అందరూ ఎక్కి కూర్చుని ఆయనకేసే చూస్తుంటారు. చాలామందికి ఆ చూపులు మోకాలి నొప్పికంటే కష్టం. పైగా రాత్రి భోజనం ఫలానా హోటల్లో ఫలానా టైముకి అని ముందే మాట్లాడి ఉంటారు, షో సగంలో లేపేస్తారు. ఫోన్లో మ్యాప్ చూసుకోవడం బొత్తిగా రాని పెద్దవాళ్లు ఇద్దరే వెళుతుంటే మాత్రం ప్యాకేజీనే మేలు అంటాను. మీరిద్దరూ వెంట ఉన్నారు కాబట్టి ఆ అవసరం లేదు.

మలేషియా సంగతి. మీకు బత్తుమలై మురుగన్ మీద మనసు పోయి ఉంటుంది. తిరుత్తణికి కావడి మోసే ఊళ్ల నుంచి వచ్చే ఎవరైనా అదే అడుగుతారు. 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, వెనక గుహలోకి 272 మెట్లు. చూడాల్సిందే. కానీ అది కౌలాలంపూర్ పక్కన ఉంది. సింగపూర్ నుంచి బస్సులో అయిదారు గంటలు, మధ్యలో రెండు దేశాల ఇమిగ్రేషన్ దగ్గర సామాను దించి ఎక్కించడం. ఉన్న ఐదు రోజుల్లో రెండు దానికే పోతాయి, అంతా చేసి నాన్నగారు ఆ మెట్ల కింద నిలబడి పైకి చూసి దండం పెట్టుకోవాలి. మురుగన్ కావాలంటే సింగపూర్‌లోనే ట్యాంక్ రోడ్డులో చెట్టియార్లు 1859లో కట్టించిన తెండాయుధపాణి గుడి ఉంది. ఒకవేళ నా మాట కాదని మలేషియా వెళ్తే, తిరిగి సింగపూర్‌లోకి రావడానికి మీ వీసా మల్టిపుల్ జర్నీయో కాదో ముందే చూసుకోండి.

వీసా, అరైవల్ కార్డు. సింగపూర్‌కి మనకు వీసా కావాలి, అక్కడ దిగాక ఇవ్వరు. అధికారిక ఏజెంట్ల ద్వారానే వేయాలి. ప్రభుత్వ ఫీజు మనిషికి 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. దానిపైన ఏజెంట్ తన చార్జీ వేసుకుంటాడు, అది ఎంతో ముందే అడగండి. మన వైపు పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఇనీషియల్‌ని పేరులో కలిపేసినవి చాలా ఉంటాయి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం మారకుండా వీసా ఫారంలో, టికెట్‌లో అలాగే ఉండాలి. ఆధార్‌లో ఎలా ఉందన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

వీసా కాక ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఒకటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డబ్బు కట్టించుకుంటాయి. మదనపల్లె కుటుంబం ఒకటి ఆరుగురికి అలా కట్టేసి, నా దగ్గరికి వచ్చి రసీదు చూపించి 'సార్, ఇది సరిపోతుందా' అని అడిగింది. సింగపూర్ ఇమిగ్రేషన్ వాళ్ల సొంత సైట్‌లోనో, వాళ్ల యాప్‌లోనో మాత్రమే నింపండి. ఈమెయిల్ గడిలో మీరు రోజూ చూసే ఈమెయిల్ ఇవ్వండి, పెద్దవాళ్లకు కూడా మీదే ఇవ్వండి. అక్కడ పాస్‌పోర్టులో ముద్ర వేయరు. ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ ఆ ఈమెయిల్‌కే వస్తుంది. ముద్ర వేయలేదే అని కౌంటర్ దగ్గర ఆగిపోయి కంగారు పడే పెద్దాయన ప్రతి గ్రూపులోనూ ఒకరు ఉంటారు.

విమానం చెన్నై నుంచా, బెంగళూరు నుంచా అంటే, చిత్తూరు వాళ్లకు రెండూ అందుబాటే. రాణిపేట మీదుగా చెన్నై కాస్త దగ్గర, ప్రయాణమూ నాలుగు గంటల చిల్లరే. బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లికి పలమనేరు, కోలారు మీదుగా వెళ్లేటప్పుడు హోస్కోటె దగ్గర ట్రాఫిక్ ఎప్పుడు కమ్ముకుంటుందో చెప్పలేం. నేనైతే చెన్నైయే అంటాను. కానీ పగటి విమానం చూడండి. రాత్రి బయలుదేరేవి చవగ్గా ఉంటాయి, పొద్దున ఆరేడింటికి దించుతాయి. హోటల్ వాడు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. నిద్ర లేని పెద్దవాళ్లను, పాపను పెట్టుకుని ఆ ఏడెనిమిది గంటలు ఎక్కడ గడుపుతారు? రాత్రి విమానమే తప్పదంటే ముందు రోజు రాత్రికి కూడా గది బుక్ చేసుకోండి, డబ్బు పోయినా పర్వాలేదు. వాళ్ల టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, అది లెక్కలో పెట్టుకోండి.

దసరా అన్నారు కాబట్టి ఇంకో మాట. సెప్టెంబరు, అక్టోబరుల్లో మెరీనా బే రోడ్ల మీద రాత్రిపూట ఫార్ములా వన్ కార్ రేస్ జరుగుతుంది. ఆ వారాంతంలో హోటల్ రేట్లు ఆకాశంలో ఉంటాయి, మీరు చూడాలనుకున్న చోట్ల చుట్టూ కంచెలు కట్టేస్తారు. రేస్ తేదీలు చూసి, అవి తప్పించి టికెట్లు తీయండి. దానికి బదులుగా ఆ రోజుల్లో ఒక లాభం ఉంది. దీపావళికి చాలా వారాల ముందే సెరంగూన్ రోడ్డు మొత్తం తోరణాలతో, దీపాలతో అలంకరిస్తారు. చాలా బాగుంటుంది.

ఇప్పుడు హోటల్. లిటిల్ ఇండియా అనగానే 'విదేశానికి పోయి మళ్లీ మన వీధిలోనే ఉండాలా' అని కుర్రవాళ్లు ముఖం చిట్లిస్తారు. మీ భార్య కూడా అనొచ్చు. వీధిలోకి దిగితే ఇడ్లీ, పక్కన గుడి, కింద రైలు, ఈ మూడూ ఒక్కచోట దొరికేది అక్కడే. పెద్దవాళ్లు మీ సాయం లేకుండా కిందికి దిగి కాఫీ తాగి రాగలుగుతారు. ఆ స్వేచ్ఛ వాళ్లకు చాలా ముఖ్యం. మూడో రోజుకల్లా 'మీరు పోయి రండి నాయనా, మేం ఇక్కడే ఉంటాం' అంటారు, అప్పుడు మీకూ సుఖం.

గదులు మాత్రం చిన్నవి. మన తిరుపతి లాడ్జిల్లో ఒక గదిలో ఐదుగురు చాపలేసుకుని పడుకున్నట్టు అక్కడ కుదరదు. గదికి ఇంతమందే అని కచ్చితంగా ఉంటారు, మీకు రెండు గదులు కావాలి. చవక గదుల్లో చాలావాటికి కిటికీయే ఉండదు. బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందా, లిఫ్ట్ ఉందా అని చూడండి. పాత కట్టడాల్లో లిఫ్ట్ లేనివి ఉన్నాయి. బాత్రూంలో నీళ్ల స్ప్రే ఉందా అని కూడా అడగండి, సిగ్గుపడొద్దు. బయట చాలాచోట్ల కాగితమే ఉంటుంది. సంచిలో ఒక ఖాళీ సీసా పెట్టుకుంటే పెద్దవాళ్లకు ధైర్యం. ఇంకొకటి, ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో విపరీతమైన జనం ఉంటారు. కూలి పనులకు వచ్చిన మన దేశం వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు సెలవు రోజున అక్కడ కలుసుకుంటారు. భయమేమీ లేదు, కాకపోతే మోకాళ్ల నొప్పి ఉన్న మనిషితో ఆ జనంలో నడవడం కష్టం. ఆదివారం సాయంత్రం వేరేచోట పెట్టుకోండి.

రైళ్లు. లిటిల్ ఇండియాలో దిగమనడానికి అసలు కారణం ఇదే. అక్కడి మెట్రోని ఎమ్మార్టీ అంటారు. రైలు ఎక్కడం దిగడం తేలిక. లైను మారడమే కష్టం, కొన్ని స్టేషన్లలో మారాలంటే భూమి లోపలే చాలా దూరం నడవాలి. లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి నీలం లైనులో నాలుగో స్టాపు బేఫ్రంట్, అంటే మెరీనా బే, గార్డెన్స్ బై ద బే తోట అక్కడే. ఊదా రంగు లైనులో ఫారర్ పార్క్ నుంచి గానీ లిటిల్ ఇండియా నుంచి గానీ ఎక్కితే చైనాటౌన్ దాటి చివరికి హార్బర్‌ఫ్రంట్, అంటే ఆటస్థలాలున్న సెంటోసా దీవికి గుమ్మం. మీరు చూడాల్సిన వాటిలో ముప్పాతిక వంతు ఈ రెండు లైన్లలో, ఎక్కడా మారకుండా అయిపోతుంది.

ఒక మనిషికి ఒక కార్డు. ఒకే కార్డు గేటు దగ్గర తాకించి ఐదుగురూ దూరడం కుదరదు. పాపకూ కార్డు కావాలి, కార్డు లేకుండా ఉచితం 0.9 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకే. మీ ఇద్దరి వీసా, మాస్టర్ కార్డులు కాంటాక్ట్‌లెస్ అయితే గేటు మీద నేరుగా తాకించవచ్చు, విదేశీ కార్డు కాబట్టి వాడిన రోజుకు 0.60 డాలర్లు అదనంగా పడతాయి. పెద్దవాళ్లకు స్టేషన్లోనే ఈజీ లింక్ కార్డు కొని ఇచ్చేయండి, మెడలో ట్యాగ్‌కి తగిలిస్తే పోదు. అన్నట్టు, చిత్తూరులో ఉండగానే బ్యాంకు యాప్ తెరిచి కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. అక్కడికి పోయాక చేద్దామంటే ఓటీపీ రావడానికి ఇక్కడి సిమ్ పని చేయాలి. అందుకే ఇక్కడి నంబర్లలో ఒకదానికైనా రోమింగ్ ఉంచమంటాను.

స్టేషన్లో ఎస్కలేటర్లు మన మాల్స్‌లో ఉన్నవాటికంటే వేగంగా కదులుతాయి. చీర కుచ్చిళ్లు, మోకాళ్ల నొప్పి, ఈ రెండింటితో ఎస్కలేటర్ ఎక్కించకండి. ప్రతి స్టేషన్లోనూ లిఫ్ట్ ఉంది, కాస్త వెతకాలి అంతే. రైలు లోపల తినకూడదు, తాగకూడదు. మంచినీళ్లు కూడా. 500 డాలర్ల దాకా జరిమానా ఉంది. అమ్మగారు సంచిలోంచి మురుకులు తీసి పాపకు ఇచ్చేలోపు మీరే ఆపాలి.

రాత్రి ఆలస్యమైతే గ్రాబ్ యాప్‌లో కారు పిలవండి. మామూలు కారులో నలుగురే, ఐదోవాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే డ్రైవర్ ఒప్పుకోడు, ఆరు సీట్లది ఎంచుకోవాలి. 1.35 మీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలకు ఆ కార్లలో పిల్లల సీటు ఉండాలన్నది అక్కడి చట్టం. మామూలు ట్యాక్సీలకు మాత్రం మినహాయింపు ఉంది.

భాష. ఇందులో విజయవాడ వాళ్లకు లేని సుఖం చిత్తూరు వాళ్లకు ఉంది, మీ ఇంట్లో అందరికీ తమిళం వచ్చు. సింగపూర్ నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. బోర్డుల మీద కనిపిస్తుంది, లిటిల్ ఇండియా అంగళ్లలో, గుళ్లలో అదే మాట్లాడతారు. పలమనేరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంగ్లీషు రాదని ఇంటి నుంచి బయలుదేరినప్పుడే బెంగపడింది. రెండో రోజు పూల అంగడి ఆమెతో మాటలు కలిపి, వాళ్ల తాత ఊరు ఆరణి అని తేల్చి, మూర మల్లెపూలు ఊరికే తెచ్చుకుంది. లిటిల్ ఇండియా దాటితే మాత్రం ఇంగ్లీషే. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. వాళ్లూ ముక్కలు ముక్కలుగానే మాట్లాడతారు, వయసైన వాళ్లను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు.

తిండి గురించి మీరు పడుతున్న భయంలో సగమే నిజం. సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల శాకాహార హోటళ్లు బోలెడు. కోమల విలాస్ 1947 నుంచీ ఉంది, ఆనంద భవన్ అంతకంటే పాతది. ఇడ్లీ, పొంగలి, దోశ, అరిటాకు భోజనం, అన్నీ దొరుకుతాయి. మన సంగటి, చట్నీ కారం ఆశించకండి, అరవ రుచి కాస్త చప్పగానే ఉంటుంది. ఒక చిన్న సీసా పచ్చడి, ఒక పొట్లం పప్పులపొడి మీ వెంట ఉంటే నాన్నగారు నోరెత్తరు.

భయపడాల్సిన సగం హాకర్ సెంటర్లలో ఉంది. వరసగా చిన్న చిన్న అంగళ్లు ఉండే తిండి మండువాలు అవి. 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. చూడటానికి తప్పక వెళ్లండి. కానీ కూరగాయల నూడుల్స్ అని రాసినదాంట్లో కూడా చేప సాసో, ఎండు రొయ్యల ముద్దో పడుతుంది. చైనా వాళ్ల శాకాహార అంగళ్లలో అవి ఉండవు గానీ, సోయాతో మాంసం ముక్కలాగే చేసి పెడతారు, పళ్లెం చూడగానే అమ్మగారు లేచిపోతారు. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్ ఉంది, అక్కడ మటన్ బిర్యానీ అంగళ్ల మధ్య మన శాకాహార అంగడి వెతుక్కోవచ్చు. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి పెట్టాల్సిన చోట పెట్టాలి, వదిలేసి లేస్తే తప్పు కింద లెక్క. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం, మనం బస్సు సీటులో తువ్వాలు వేసే పద్ధతే. నీళ్లు కొనకండి, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. పెద్ద హోటళ్లలో మెనూ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జీ, ఆపైన 9 శాతం జీఎస్టీ వేస్తారని అర్థం.

పెట్టెలో ఏం పెట్టకూడదు. ఇక్కడ కాస్త గట్టిగా చెబుతాను, ఎందుకంటే మన వంటింటి సరుకే చిక్కుల్లో పడేస్తుంది. గసగసాలు సింగపూర్‌లో నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు. గసాలు వేసిన మసాలా పొడి కూడా వద్దు. మీరు తినరు కాబట్టి చికెన్, మటన్ పచ్చళ్ల గొడవ లేదు, అక్కడున్న బంధువులకు పంపమని ఎవరైనా ఇస్తే మాత్రం తీసుకోకండి. చూయింగ్ గమ్ తేకూడదు, 1992 నుంచి ఉన్న నిషేధం. గుట్కా, ఖైనీ, జర్దా, ఇ-సిగరెట్ ఏవీ వద్దు. సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ వెసులుబాటు లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. లడ్డూ ప్రసాదం తీసుకెళ్లవచ్చా అని అందరూ అడుగుతారు. నా గ్రూపుల్లో అందరి సంచుల్లోనూ ఉంటుంది, ఎవరినీ ఆపలేదు.

మందులు డాక్టరు చీటీతో సహా, వాటి అసలు షీట్లలోనే తీసుకెళ్లండి. నిద్రమాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు, గట్టి నొప్పి మాత్రలు కొన్నింటికి అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. నాన్నగారు మోకాళ్లకు ఏం వాడుతున్నారో చీటీ చూసి పోల్చుకోండి. ట్రామడాల్ లాంటిది ఉంటే ఆ అనుమతి ఆన్‌లైన్‌లో అడగండి. పుత్తూరు దంపతులు ఒకరు నిద్రమాత్రలకు అలాగే తెచ్చుకుని ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చారు. పెద్దవాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాత జబ్బులు దాచకుండా రాయించండి, అక్కడ ఆసుపత్రి బిల్లు మన ఊహకు అందదు.

ఇక రోజుల లెక్క. నిమిషాల వారీ పట్టిక నేను ఇవ్వను, వరస చెబుతాను.

దిగిన రోజు ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లండి. ఫారర్ పార్క్ స్టేషన్ పక్కనే. 1855లో నరసింహ పెరుమాళ్ గుడిగా మొదలైంది, 1978లో జాతీయ కట్టడంగా ప్రకటించారు. కొండ కింద ఉండేవాళ్లం, ఏడుకొండలవాణ్ని చూడటానికి అంతదూరం పోవాలా అని నవ్వకండి. కొండ మీద మనకు దొరికేది రెప్పపాటు, 'జరగండి జరగండి' అంటుండగానే బయటికి వచ్చేస్తాం. అక్కడ స్వామి ఎదుట మీ అమ్మగారు తృప్తిగా నిలబడొచ్చు, జరగమనేవాళ్లు ఉండరు. కన్నీళ్లు పెట్టుకున్న పెద్దవాళ్లను చూశాను. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకే సాయంత్రం అన్నాను. మీ తేదీలు పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల) పడితే శనివారాలు మాత్రం అక్కడా కిక్కిరిసి ఉంటుంది.

రెండో రోజు గార్డెన్స్ బై ద బే. నాలుగింటికి బయలుదేరి ముందు రెండు అద్దాల గోపురాల్లోకి వెళ్లండి, లోపల ఏసీ. క్లౌడ్ ఫారెస్ట్‌లో లిఫ్ట్‌లో పైకెక్కి నెమ్మదిగా దిగొచ్చు, జలపాతం చూసి పాప అక్కడి నుంచి కదలదు. డబ్బులు తక్కువైతే ఆ ఒక్కటీ చూసి ఫ్లవర్ డోమ్ వదిలేయండి. తర్వాత బయట సూపర్ ట్రీలు అనే, చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద కట్టడాల కింద 7.45కి, 8.45కి పాటలతో లైట్ల షో, టికెట్ లేదు. కింద పడుకుని చూడాలి, అందుకే ఒక దుప్పటి తీసుకెళ్లండి. పాదచారుల వంతెన దాటితే మెరీనా బే నీళ్ల షో కూడా ఉంది, అదీ ఉచితమే, నాన్నగారి మోకాలు ఒప్పుకుంటేనే.

మూడో రోజు సెంటోసా. ఇక్కడ విడిపోండి. యూనివర్సల్ స్టూడియోస్‌లో రోజంతా క్యూలు, పెద్దవాళ్లకు టికెట్ కొనడం డబ్బు నీళ్లలో పోయడమే. మీరూ పాపా పొద్దున్నే వెళ్లిపోండి, వాళ్లు సాయంత్రం వచ్చి కలుస్తారు. కలిసి చూడాలంటే ఓషనేరియం. పాత అక్వేరియాన్ని పెంచి 2025లో కొత్తగా తెరిచారు, ఏసీలో మెల్లగా నడవొచ్చు.

నాలుగో రోజు మండాయ్. జూ, పక్షుల పార్కు, రివర్ వండర్స్, నైట్ సఫారీ, అన్నీ పక్కపక్కనే ఉన్నాయని అన్నిటికీ కలిపి టికెట్ అంటగడతారు. ఒక్కటే చాలు. మీకైతే నైట్ సఫారీ. చీకట్లో ట్రామ్‌లో కూర్చోబెట్టి తిప్పుతారు, నడక తక్కువ. వర్షం వస్తే తడుస్తారు, గొడుగు ఉండాలి. ఆ ఊళ్లో వాన ఏ నెలలోనైనా, చెప్పకుండా వస్తుంది.

ఐదో రోజు చైనాటౌన్‌లో మారియమ్మ గుడి చూడండి. 1827 నాటిది, సింగపూర్ హిందూ గుళ్లలో అన్నిటికంటే పాతది. తర్వాత లిటిల్ ఇండియాలోని ముస్తఫా అనే పెద్ద అంగట్లో కొనుగోళ్లు. బంగారం మీద మనసు పడితే జాగ్రత్త. మన కస్టమ్స్ సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకే, ఐదు రోజులు తిరిగొచ్చేవాళ్లకు కాదు. 100 డాలర్లు దాటిన బిల్లులకు పాస్‌పోర్టు చూపించి కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుంది. ఆ సరుకు పెట్టెలో వేసి పంపేటట్టయితే, పెట్టె కౌంటర్లో ఇవ్వకముందే ఎయిర్‌పోర్టులో ఆ పని చేయించాలి. చాంగీ ఎయిర్‌పోర్టుకు ఆనుకుని ఉన్న జ్యూయెల్ మాల్‌లో 40 మీటర్ల నుంచి పడే నీళ్ల ధార ఉంది కదా, అది దిగిన రోజు కాదు, తిరుగు రోజు చూడండి. ఉదయం పెందలాడే నీళ్లు వదలరు. దిగగానే పరిగెత్తిపోయినవాళ్లు ఖాళీ గొట్టం చూసి వస్తారు.

ఖర్చు గురించి ఒక మాట: డాలరుకు సుమారు 70 రూపాయలు వేసుకోండి. విమానం, రెండు గదులు, ఈ రెండింటికే ఎక్కువ పోతుంది. రైలు, తిండి లిటిల్ ఇండియాలో ఉంటే భరించగలిగేవే. దుబారా అంతా టికెట్ ఉన్న ఆటస్థలాల దగ్గర, అందుకే రోజుకు ఒకటి అన్నాను.

టికెట్లు తీయకముందు ఈ వారమే ఒక పని చేయండి. పాప పాస్‌పోర్టు తీసి గడువు చూడండి. చిన్నపిల్లలకు ఇచ్చేది ఐదేళ్లకే, మూడేళ్ల వయసులో తీయించి ఉంటే ఈపాటికి అయిపోవచ్చి ఉంటుంది. సింగపూర్‌లో దిగే నాటికి అందరివీ కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. తక్కువుంటే ముందు దాన్ని రెన్యూ చేయించి, ఆ తర్వాత తేదీలు చెప్పండి. ఏ వారం మేలో అప్పుడు చూద్దాం.